బొట్టు పెట్టి పిలవని నాలుగో నేస్తం

మా నలుగురిదీ ఒకటే పేరు. అదేమిటో ఇక్కడ రాయను. రాస్తే మిగతా ముగ్గురూ ఇదంతా తమ గురించే రాసిందని మురిసిపోతారు. వాళ్ళను మురిపించడానికి నేను కాగితం ముందేసుకోలేదు.

మేడారం జాతర ఏడు పుట్టిన ఆడపిల్లలకు మా వైపు అమ్మవారి పేరే పెట్టుకుంటారు. మా అమ్మలు నలుగురూ ఒకే వాడలో ఉండేవారు, నలుగురూ ఒకేసారి కడుపుతో ఉన్నారు. కలిసి జాతరకు పోయి, గద్దెల ముందు కలిసే మొక్కుకున్నారట. పుట్టినవాళ్ళం నలుగురమూ ఆడపిల్లలమే. గద్దెల మీద ఉన్నది తల్లీ బిడ్డలు కదా, ఇద్దరు తల్లి పేరు, ఇద్దరు బిడ్డ పేరు పంచుకుని ఉంటే మాకు ఈ తిప్పలు ఉండేవి కావు. మొక్కు మొక్కే కదా అని ఎవరూ తగ్గలేదు. మా వాడలో ఒకే పేరున్నవాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, 'నేస్తమా' అంటారు. అలా మాటలు రాకముందే మేము నేస్తాలమయ్యాము. ఎవరూ మా ఇష్టం అడగలేదు.

బడిలో మా టీచరు కొన్నాళ్ళు పేరుతోనే పిలిచింది. ఒక్కసారి పిలిస్తే నలుగురం లేచేవాళ్ళం. విసుగొచ్చి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పిలవడం మొదలుపెట్టింది. ఇంటిపేర్ల వరస ప్రకారం నేను రెండు కావాలి. హాజరు పట్టీ రాసిన వారం నాకు తట్టు పోసి బడికి పోలేదు. తిరిగి వచ్చేసరికి నాలుగయ్యాను. సరిచేయమని ఆరో తరగతిలో ఒకసారి, ఎనిమిదో తరగతిలో ఒకసారి అడిగాను. పదో తరగతి దాకా నాలుగే. ఆ టీచరు ఇప్పుడు లేదు, ఆమె మీద నాకు కోపమూ లేదు. గుర్తుంది, అంతే.

ఒకటి డాక్టరైంది. హన్మకొండలో కాన్పుల దవాఖాన పెట్టింది. రెండు వకీలైంది. కోర్టులో ఆమె లేచి నిలబడితే అవతలి వకీలు మంచినీళ్ళు తాగుతాడని చెబుతారు. చెప్పేది ఎక్కువగా ఆమే. మూడు మేము చదివిన బడిలోనే వ్యాయామం టీచరైంది. ఆమె ఖో-ఖో పిల్లలు రాష్ట్రమంతా తిరిగి కప్పులు తెచ్చారు. నేను పుట్టింటి పనే పట్టుకున్నాను. గుంట మగ్గం మీద జంపఖానాలు నేస్తాను. నేల మీద పరిచే నూలు తివాచీ అది. నేను నేసినదాని మీద కూర్చోకుండా ఈ వాడలో ఒక్క పెళ్ళి మాట కూడా జరగలేదు. అయినా వాడ వాళ్ళు ఆ ముగ్గురినీ డాక్టరమ్మ, వకీలమ్మ, పీటీ మేడం అంటారు. నన్ను 'ఇంకొకామె' అంటారు.

ఆ ముగ్గురి పుణ్యాన నా గుమ్మం తొక్కినవాళ్ళు తక్కువ కాదు. ఒకసారి పరకాల నుంచి ఒకాయన భార్యను తీసుకుని స్కానింగు కాగితాలతో వచ్చాడు. నేను మగ్గం గుంటలో నడుము దాకా కూర్చుని ఉన్నాను. "మేడం, జర జూడున్రి, బిడ్డ తిరిగి ఉన్నదన్నరు" అన్నాడు. ఆ గుంటలో కూర్చున్న మనిషి డాక్టరెలా అవుతుందని ఆయనకు అనుమానమే రాలేదు. వర్ధన్నపేట రైతు ఒకాయన పాలివాళ్ళతో పొలం గట్టు తగాదా అంతా రెండు గంటలు చెప్పాడు. నేను నేస్తూనే విని, "పాలోల్లతోని రాజీ పడు" అన్నాను. వకీలమ్మ మూడు వాయిదాలు తిప్పి అదే మాట చెప్పిందట. ఇలా దారి తప్పిన వాళ్ళందరినీ మంచినీళ్ళిచ్చి సరైన గడపకు పంపాను. నా కోసం వచ్చి పొరపాటున వాళ్ళ గడప తొక్కినవాళ్ళను ఒక్కరినైనా నా దగ్గరికి పంపారా? అడిగితే, "నీ కోసం ఎవలచ్చిన్రు నేస్తమా?" అన్నది డాక్టరమ్మ. అది జవాబు కాదు.

పోయిన ఏడు మహిళా దినోత్సవానికి ఒక పత్రిక వాళ్ళు ఒకే పేరున్న ముగ్గురు గొప్ప స్త్రీలని రాశారు. ముగ్గురే. బడి వరండాలో ముగ్గురూ నవ్వుతూ కూర్చున్న ఫోటో వేశారు. వాళ్ళ కింద పరిచింది నా జంపఖానా. పత్రిక పట్టుకుని నేరుగా దవాఖానకు పోయాను. డాక్టరమ్మ అద్దాలు పెట్టుకుని ఫోటో చూసి, "నువ్వు గూడ ఉన్నవ్ గదనే. మేమే నీ మీద కూసున్నం" అన్నది. బయట వరసలో కూర్చున్న కడుపుతో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

ఇక అసలు సంగతికి వస్తాను. నా మగ్గం ఉన్న ముందు గది అద్దె గది. ఇంటి ఓనరు ఒక సాయబు. వాడ చివర చాయ్ హోటల్ నడుపుతాడు, మంచివాడు. ఆయన కొడుక్కి పెళ్ళి కుదిరింది. వెనక గదులు నాకే ఉంచి, కొత్త జంటకు ఆ ఒక్క గది కావాలన్నాడు. గుంట పూడ్చి టైల్స్ వేయించుకుంటానని ఏడాది ముందే చెప్పాడు. గుంట మగ్గం అంటే కుట్టు మిషను కాదు, ఎత్తుకుపోయి ఇంకో మూల పెట్టుకోవడానికి. నేలలో కాళ్ళు ఆడే గుంట కావాలి, గది నిడివి కావాలి. ఈ రోజుల్లో నేల తవ్వనిచ్చే ఓనరు వరంగల్‌లో దొరకడు. వాడలో మిగిలిన గుంట మగ్గం నాదొక్కటే. దానికి చోటు దొరకకపోతే విప్పి కట్టెల కింద అమ్ముకోవాలి.

మా బడిలో పాత సైన్సు గది ఒకటి విరిగిన బెంచీలతో నిండి ఉంది. ఆ గది ఇస్తే మగ్గం అక్కడ పెట్టుకుని వారానికి రెండు రోజులు పిల్లలకు నేత నేర్పుతానని అర్జీ రాసి ఆఫీసులో ఇచ్చాను. దసరా పోయింది, సంక్రాంతి పోయింది, జవాబు లేదు. చివరికి పూర్వ విద్యార్థినుల మీటింగు పెడుతున్నారని, గదుల సంగతి అందులోనే తేలుస్తారని తెలిసింది. ఆ మీటింగు నడిపే కమిటీ మా ముగ్గురు నేస్తాలే.

కబురు ఫోన్ గ్రూపులో వచ్చింది. 'అందరూ తప్పక రాగలరు' అని రెండు చేతులు జోడించిన బొమ్మ. నేను చదివి ఊరుకున్నాను. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మనిషి గుమ్మంలోకి వచ్చి, కుంకుమ భరిణె తెరిచి, బొట్టు పెట్టి రమ్మంటేనే పిలిచినట్టు. గ్రూపులో పెట్టింది కబురు, పిలుపు కాదు.

శనివారం పీటీ మేడం వాడలో పిలుపులకు బయల్దేరింది. మా ఎడమ పక్కింట్లో ఆమె గొంతు వినగానే వాకిట్లో మళ్ళీ ఒకసారి చీపురు వేశాను. వచ్చింది. నా అరుగు మీద కూలబడి, "ఎండ మాడ్చి పెడ్తాంది, నీళ్ళియ్యి నేస్తమా" అన్నది. ఇచ్చాను. చాయ్ కూడా పెట్టాను. కుంకుమ భరిణె ఆమె ఒళ్ళోనే ఉంది. రిటైర్మెంటుకు ఇంక మూడు నెలలే ఉందని, ఇంట్లో కూర్చుని గోడలు చూడాలంటే భయమేస్తున్నదని చెప్పింది. నేను వింటూ నుదుటి మీద చెమట కూడా తుడుచుకుని సిద్ధంగా ఉన్నాను. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, కుడి పక్కింటికి పోయి అక్కడి కోడలికి బొట్టు పెట్టి పిలిచింది.

గ్లాసు కడిగి బోర్లించాను.

ఆదివారం పది గంటలకు మీటింగు. తొమ్మిదింటికే ఓనరు సాయబు టైల్స్ వేసే మేస్త్రీని తీసుకొచ్చాడు. మేస్త్రీ టేపు పట్టి గుంట కొలుస్తుంటే సాయబు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చెల్లె, బుధారం ఉసికె వస్తాంది. ఏమనుకోకు."

"నేనేమంట భాయ్. నీ ఇల్లు."

"బడి గది సంగతి ఇయ్యాల్నే తేలుతదట గద. పోలే?"

"నన్నెవలు పిలిచిన్రు?"

ఆయన నా మొహం, నా మగ్గం, మేస్త్రీ చేతిలో టేపు వరసగా చూశాడు. ఆ వాడలోనే పుట్టి పెరిగిన మనిషి, వేరే చెప్పనక్కర్లేదు.

"బొట్టు పెట్టలేదా?" అన్నాడు. "నేను పెడుదునంటే నా చేతుల లేకపాయె. జర పోరాదు. మగ్గం పోయినంక బొట్టుతోని ఏం జేస్కుంటవ్?"

పదింపావు దాకా మగ్గం ముందే కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, లేచి పోదామని రెండుసార్లు చెప్పుల దాకా వెళ్ళాను. రెండుసార్లూ ఆ ఖాళీ చాయ్ గ్లాసు గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి ఒక్కో వరస నేశాను.

పదిన్నరకు డాక్టరమ్మ కారు సందులో ఇరుక్కుంది. ముగ్గురూ దిగి నడిచి వచ్చారు.

"ఏందే, గీడ్నే కూసున్నవ్?" అన్నది వకీలమ్మ. "నీ అర్జీనే మాట్లాడ్తానం. బడి పెద్ద మేడం అర్జీ పెట్టినామెను పిలువున్రి అన్నది."

"పిలువున్రి అన్నది గద. ఎవలన్న పిలిచిన్రా?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హన్మకొండ వైపు పిలుపులు ఆ ఇద్దరివి, వాడ పిలుపులు పీటీ మేడంవి.

"నీకు బొట్టేంది నేస్తమా?" అన్నది పీటీ మేడం. నిజంగానే ఆశ్చర్యపోయింది. "మనం ఇంటోళ్ళం. పిలిచేటోళ్ళం. ఇంట్ల పెండ్లయితే ఇంట్లోల్లకు బొట్టు వెడ్తరా?"

"ఇంటిదాన్నే అయితే కమిటీ మీటింగులు ఐదు పెట్టుకున్రు. ఒక్కదానికన్న రమ్మన్నరా? ఫోటో దిగేటప్పుడు ఇంటిదాన్ని యాదికి రాలే?"

వకీలమ్మ నా చెంబు ఎత్తి మంచినీళ్ళు తాగింది. కోర్టులో ఆమె అలా చేయగా ఎవరూ చూసి ఉండరు, నేను చూశాను. డాక్టరమ్మ చేతి గడియారం చూసుకుని, "సరే, తప్పయింది. పెట్టున్రి బొట్టు" అన్నది. భరిణె ఎవరి దగ్గరా లేదు. వకీలమ్మ సంచీలో వెతికి స్టిక్కర్ బొట్ల అట్ట తీసింది.

"అతికిచ్చుకొని రానీకి నేను కవరునా?" అన్నాను.

పీటీ మేడం నేరుగా నా వంటగదిలోకి పోయి, నా దేవుడి గూట్లోంచి నా కుంకుమ భరిణె తెచ్చింది. మా ఇంట్లో, మా కుంకుమతో, నన్నే పిలిచింది. తర్వాత మిగతా ఇద్దరూ పెట్టారు. మూడూ ఒకదాని మీద ఒకటి పడి నుదుట రూపాయి బిళ్ళంత అయింది. తుడవబోతే డాక్టరమ్మ చేయి పట్టుకుంది. "ఉండనియ్. రేపు ఒకటే పెట్టిన్రు అని మల్ల అంటవ్."

బడి హాలులో నలభై మంది దాకా ఉన్నారు. పెద్ద మేడం ఈ ఏడే బదిలీ మీద వచ్చిన మనిషి. మా సంగతులేవీ తెలియవు. ఏడాది కింద ఇచ్చిన అర్జీకి జవాబెందుకు ఇవ్వలేదని నిలబడగానే అడిగాను. ఆమె ఫైలు చూపించింది. నా అర్జీ పీటీ మేడం సర్వీసు ఫైలులో దొరికిందట. అర్జీ కింద నేను ఇంటిపేరు రాయలేదు. ఎందుకు రాయాలి? ఈ వాడలో ఆ పేరంటే నేనేనని నా అభిప్రాయం. ఆఫీసు వాళ్ళ అభిప్రాయం వేరేలా ఉంది. పీటీ మేడమే రాసిందనుకుని, మూలన 'మేడంతో మాట్లాడవలెను' అని రాసి లోపల పెట్టారు.

"నాతోని ఎవలు మాట్లాడలే" అన్నది పీటీ మేడం.

హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఏడాది పోయింది నాది.

బ్యాంకులో పనిచేసే ఒకావిడ లేచి మర్యాదగానే అడిగింది. "ఈ రోజుల్లో మగ్గం నేర్చుకుని పిల్లలు ఏం చేస్తారండీ?"

"ఖో-ఖో నేర్చుకొని ఏం జేస్తాన్రు?" అన్నాను. ఆ మాట అన్నాక గానీ అప్పటిదాకా నా పక్షాన గట్టిగా మాట్లాడుతున్నది పీటీ మేడం ఒక్కతేనని గుర్తు రాలేదు. ఆమె మొహం ముడుచుకుంది. డాక్టరమ్మ బల్ల కింద నుంచి నా కాలు తొక్కింది. పెద్ద మేడం కాగితాలు సర్దుకుంటోంది. మనిషి కాగితాలు సర్దుకుంటే మాట అయిపోయినట్టే. బుధవారం ఇసుక వస్తుంది.

ఇంక మాటలతో కాదని, ముందు వరసలో జంపఖానా మీద కూర్చున్న వాళ్ళందరినీ లేవమన్నాను. పెద్దవాళ్ళు కొందరు గొణుక్కుంటూ లేచారు. జంపఖానా చివర పట్టుకుని తిరగేశాను.

"ఇది నా పెండ్లి కాకముందు నేసిన. బడి మీటింగులన్నిటికీ ఇదే వరుస్తాన్రు. ఇది కిందిదిక్కు, అది మీదిదిక్కు. ఎక్కడన్న ముడి దొరుకుతదేమో చూడున్రి. అంచు ఎక్కడన్న లేచిందా చూడున్రి. గిసొంటిది నేసెటోళ్ళు వాడల నేనొక్కదాన్నే ఉన్న. నేను గూడ పోతే ప్లాస్టిక్ పట్టాలు వరుసుకోన్రి."

బ్యాంకావిడే ముందు వంగి చేత్తో తడిమింది. రెండు వైపులా తడిమి, ఇంకొకరిని పిలిచి చూపించింది. పెద్ద మేడం కూడా కుర్చీ దిగి వచ్చింది. వకీలమ్మ ఆ సందు దొరకబుచ్చుకుని, ముందు ఒక ఏడాదికి ఇద్దాం, పిల్లలు వస్తే కొనసాగిద్దాం, నేల బండలు తీసిన చోట తిరిగి వేయించే పూచీ మా నలుగురిదీ అన్నది. నన్ను అడగకుండానే నలుగురిదీ అన్నది. ఐదు నిమిషాల్లో గది ఇచ్చేశారు. ఐదు నిమిషాల పనికి ఏడాది తిప్పారు.

ఇంటికి వస్తూ కారులో పీటీ మేడం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "ఖో-ఖో మాట తప్పయింది" అన్నాను. నా జన్మలో ఇలాంటి మాట మూడోసారి అని ఉంటాను.

"నువ్వు తప్పయింది అన్నవంటే రేపు మొగులు ఇరిగి మీద వడ్తది. గుంట నేనే తవ్విపిస్త. ఫికర్ జెయ్యకు" అన్నది.

సోమవారం ఇద్దరు కూలీలను పెట్టి తవ్వించింది. మగ్గం మీద ఉన్న జంపఖానా పూర్తిచేసి దించాలి కనుక నేను పోలేదు. కూర్చుంటే నా కాలు ఎంత లోతుకు దిగుతుందో దారంతో కొలిచి, ముడి వేసి, ఆమె చేతికే ఇచ్చాను. మంగళవారం మగ్గం విప్పి ట్రాలీ ఆటోలో వేశాము. సాయబు ఒక కొస తానే పట్టాడు. ముప్పై ఏళ్ళుగా కాళ్ళు ఆడిన గుంట అడుగున పాత పోగులు, ఒక గాజు ముక్క, ఎప్పుడో పోయిన కత్తెర దొరికాయి. కత్తెర పక్కింటామె ఎత్తుకుపోయిందని పదేళ్ళుగా ఆమెతో ముక్తసరిగా మాట్లాడుతున్నాను. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు.

బడి గదిలో మగ్గం బిగించడానికి రెండు రోజులు పట్టింది. నిలువు పోగుల పడుగు ఎక్కించి, అంతా అయ్యాక, ముగ్గురూ చూస్తుండగా గుంట అంచున కూర్చుని కాళ్ళు కిందికి వదిలాను. తొక్కుడు కర్రలు అందలేదు. ఇంకా కిందికి జరిగాను. వేళ్ళ కొసలు కూడా తగల్లేదు. అరుగు మీద కూర్చోబెట్టిన చిన్నపిల్ల కాళ్ళలా నావి గాల్లో ఊగుతున్నాయి.

"దారం ఏది?" అన్నాను.

పీటీ మేడం దిక్కులు చూసింది. "పోయింది నేస్తమా. కూలోల్లు నిలవడ్డరని నా కాళ్ళే కొలిచిన. పేరొక్కటే గద, కాళ్ళు ఎంత తేడా ఉంటయనుకున్న."

ఆమె మా నలుగురిలో అందరికంటే పొడుగు. వకీలమ్మ నవ్వు ఆపుకోలేక వరండాలోకి పోయింది. డాక్టరమ్మ మాత్రం నా మోకాలు పట్టుకుని, పుట్టినప్పటి నుంచీ పొట్టివేనని తేల్చింది.

"దిగు నువ్వు" అన్నాను పీటీ మేడంతో. "తవ్విపిచ్చినవ్ గద. కూసోని చూపెట్టు ఎవలికి తవ్విపిచ్చినవో."

ఆమె చెప్పులు విడిచి దిగింది. పాదాలు తొక్కుడు కర్రల మీద సరిగ్గా పడ్డాయి. ఊరికే కూర్చుంటుందనుకున్నాను. కుడి కాలు నొక్కింది, పడుగు తెరుచుకుంది. చేయి దానంతటదే అడ్డపోగు నడిపే నాడె అందుకుని ఇటు నుంచి అటు విసిరింది. ఆమె నాన్నదీ నేత పనేనని, చిన్నప్పుడు నూలు కండెలు చుట్టి గానీ ఆటకు వచ్చేది కాదని నాకు తెలుసు. ఎప్పుడో మానేసిందనుకున్నాను. రెండు వరసలు, మూడు వరసలు. బడి ఈల తీయడం మరిచింది, మెడలో అలాగే వేలాడుతోంది. వకీలమ్మ గుమ్మంలోకి వచ్చి నవ్వడం మానేసింది.

"రిటైరైనంక రోజు వస్త నేస్తమా. నాకు నేర్పు" అన్నది తల ఎత్తకుండానే.

నా మగ్గంలో నా పేరున్న మనిషి కూర్చుంది, నాకు కాళ్ళు అందడం లేదు. ఇంక గుంటలో తొక్కుడు కర్రల కింద రెండు వరసల ఇటుకలు పేర్పించుకోవాలి. నేను కూర్చునే రోజు పెట్టాలి, ఆమె కూర్చునే రోజు తీయాలి. ఇంత పని ఎవరు పెట్టారు నాకు?

ముందుకు వంగి ఆమె నేసింది చూశాను. ఎనిమిది వరసలు. పోగు గట్టిగా లాగింది, అంచు లోపలికి గుంజుకుపోయింది.

"ఇప్పు" అన్నాను.

"మొత్తమా?"

"మొత్తం."

ఆమె విప్పడం మొదలుపెట్టింది. గది బయట ఎక్కడైనా ఇటుకలు ఉన్నాయేమోనని నేను వెతకబోయాను.